పాడీ పంటా ప్రశ్నలు: మందుకు లొంగని క్రిమి మన పళ్లెందాకా

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం యాంటీబయాటిక్‌ల గురించే. పాల గురించి ఒక గృహిణి, కోళ్ల గురించి, రొయ్యల గురించి రైతులు, పురుగుమందుల షాపులో ఇచ్చిన పొట్లం గురించి ఒక వరి రైతు రాశారు. అందుకే మిగతా ఉత్తరాలను వచ్చే సంచికకు ఉంచి, పేజీలన్నీ ఈ ఒక్క విషయానికే ఇస్తున్నాను. పశువైద్యురాలిగా నా ఉద్యోగం ఎక్కువ భాగం పశ్చిమ గోదావరి పాడి గ్రామాల్లోనే గడిచింది. కాబట్టి పాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ప్రశ్న: డాక్టరమ్మగారూ, పక్క వీధిలో గేదెలున్న ఆయన మాకు రోజూ పాలు పోస్తాడు. కొన్ని రోజులుగా పెరుగు తోడుకోవడం లేదు, పొద్దున చూస్తే పాలు పాలుగానే ఉంటున్నాయి. అడిగితే గేదెకు పొదుగువాపు వచ్చింది, ట్యూబులు ఎక్కించాం అన్నాడు. ఆ పాలు పిల్లలకు పోయొచ్చా? బాగా మరిగిస్తే మందు పోతుందా?
— ఒక గృహిణి, తణుకు

జవాబు: మీ అనుమానంలో పస ఉందమ్మా. తోడు అంటే బతికున్న బ్యాక్టీరియా. పొదుగువాపుకు చన్నులోకి ఎక్కించే ట్యూబులో ఉండేది బ్యాక్టీరియాను చంపే మందు. ఆ మందు పాలలోకి దిగితే మీ తోడులోని మంచి క్రిములు కూడా పనిచేయలేవు. అయితే పెరుగు తోడుకోకపోవడానికి ఇదొక్కటే కారణం కాదు. చలి, పాతబడిన తోడు, పాలు విరగకుండా ఎవరైనా కలిపిన సోడా, ఏదైనా కావచ్చు. తేల్చుకోవడం సులువు. ఒకే తోడు తీసుకుని, ఒక గిన్నెలో ప్యాకెట్ పాలు, ఇంకో గిన్నెలో ఆయన పాలు, రెండూ ఒకే గోరువెచ్చదనంలో తోడుపెట్టి పక్కపక్కనే ఉంచండి. ప్యాకెట్ పాలు గట్టిగా తోడుకుని, ఇవి తోడుకోకపోతే లోపం మీ తోడులో లేదు, ఆ పాలలోనే ఉంది.

మరిగిస్తే క్రిములు చస్తాయి, మందు మాత్రం పోదు. పెన్సిలిన్ లాంటివి మరిగించాక కూడా చాలా వరకు మిగిలే ఉంటాయి. పాలలో పెన్సిలిన్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములు. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో నాలుగు. పెన్సిలిన్ పడని మనిషికి అవశేషం వల్ల దద్దుర్లు రావచ్చు. మిగతావాళ్లకు ఆ గ్లాసు పాలతో అప్పటికప్పుడు ఏమీ అనిపించదు. చిక్కంతా అక్కడే. చంపడానికి చాలని మోతాదులో మందు రోజూ పేగుల్లోకి వెళ్తుంటే, అక్కడి బలహీనమైన క్రిములు పోయి, మందును తట్టుకునేవి మిగిలి పెరుగుతాయి. రేపు పిల్లకు నిజంగా జ్వరం వచ్చి అదే మందు వాడాల్సి వచ్చినప్పుడు అది పనిచేయకపోవచ్చు. 2019 ఒక్క ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా ప్రపంచంలో 12.7 లక్షల మందిని బలి తీసుకుందని అంచనా.

కాబట్టి ఆ పాలు పిల్లలకు వద్దు. ఎంతకాలం అన్నది మందు పెట్టె మీదే ఉంటుంది. పశువుల మందు మీద, చివరి మోతాదు తర్వాత ఎన్ని రోజులు పాలు వాడకూడదో రాయాలని మన దేశంలో 2012 నుంచి నిబంధన ఉంది. ఆ మందుకు ప్రత్యేకంగా గడువు తేల్చి ఉండకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. లెక్క చివరి ట్యూబు వేసిన రోజు నుంచి, మొదటిదాని నుంచి కాదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఒక్క చన్నుకే ట్యూబు ఎక్కించినా మందు రక్తంలో కలిసి మిగతా మూడింటిలోకీ వస్తుంది. "ఆ చన్ను పాలు వేరే తీసేస్తున్నాం, మిగతావి మంచివే" అనే మాట నేను ఎన్ని పాకల్లో విన్నానో! నాలుగు చన్నుల పాలూ పక్కన పెట్టాల్సిందే. వాటిని దూడకు తాగించడం కూడా మంచిది కాదు. దూడ కడుపులోనే మందును తట్టుకునే క్రిములు తయారై, పేడతో పాక అంతా చేరతాయి.

ఆయన మీద మాత్రం కోప్పడొద్దు. అడగ్గానే ట్యూబుల సంగతి దాచకుండా చెప్పాడు, అది చిన్న విషయం కాదు. వారం రోజుల పాలు పారబోయడమంటే చిన్న రైతుకు ఆ నెల దాణా డబ్బు పోయినట్టే. మీ వీధిలో పాలు పోయించుకునే నలుగురూ కలిసి, "జబ్బు చేసినప్పుడు చెప్పు, ఆ వారం మేం ప్యాకెట్ కొనుక్కుంటాం, నిన్ను మాత్రం మానం" అని చెప్పండి. వాడుక పోతుందనే భయం లేకపోతే రైతు నిజం చెబుతాడు.

ఆయనకు చూపించడానికి ఈ నాలుగు మాటలు. పాలు తీసేముందు ప్రతి చన్ను మొదటి ధారలు నల్లటి పళ్లెంలోకి తీసి, తరకలు ఉన్నాయేమో చూడాలి. చేతులు, పొదుగు కడిగి పొడిగా తుడవాలి. పాలు తీశాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచాలి. తీసిన వెంటనే మేత వేసి గేదెను కనీసం అరగంట నిలబెట్టాలి. ఎందుకంటే పాలు తీసిన తర్వాత కొంతసేపు చన్ను రంధ్రం తెరుచుకునే ఉంటుంది, అప్పుడు పేడలో పడుకుంటే క్రిములు నేరుగా లోపలికి వెళ్తాయి. పొదుగువాపు మొదట్లోనే పట్టుకుంటే జాతీయ పాడి అభివృద్ధి బోర్డు ప్రచారం చేస్తున్న కలబంద, పసుపు, సున్నం పూతను కూడా పశువైద్యుల సలహాతో వాడవచ్చు. జ్వరం వచ్చి, మేత మానేసిన గేదెకు మాత్రం మందు పడాల్సిందే. జబ్బుతో ఉన్న పశువుకు వైద్యం ఆపమని నేనెప్పుడూ చెప్పను.

ప్రశ్న: మేడమ్, నాది ఐదు వేల కోళ్ల షెడ్డు. పిల్లలు, దాణా, మందులు అన్నీ కంపెనీవే, నాకు గ్రోయింగ్ చార్జీ ఇస్తారు. పిల్లలు దిగిన రోజు నుంచే నీళ్లలో కలపమని సూపర్‌వైజర్ మందు ఇస్తాడు, జబ్బు ఉన్నా లేకపోయినా. అయినా మొదటి వారం మోర్టాలిటీ తగ్గట్లేదు. మందు లేకుండా పిల్లలు నిలుస్తాయా?
— ఒక బ్రాయిలర్ రైతు, షాద్‌నగర్

జవాబు: నిలుస్తాయి. కానీ మందు ఆపడం ఒక్కటే చేసి, మిగతాదంతా పాత పద్ధతిలో ఉంచితే నిలవవు.

మొదటి వారం చనిపోయే పిల్లలను రెండు మూడు కోసి చూడమని మీ పశువైద్యుణ్ని అడగండి. బొడ్డు మూసుకోకుండా, లోపల పచ్చసొన కరగకుండా వాసన వస్తుంటే ఆ జబ్బు హేచరీ నుంచి వచ్చింది. దానికి మీ షెడ్డులో ఎంత మందు కలిపినా లాభం తక్కువ. బొడ్డు బాగుండి, కడుపు ఖాళీగా ఉండి చనిపోతుంటే, తప్పు బ్రూడింగ్‌లో, అంటే పిల్లలను వెచ్చగా ఉంచే పద్ధతిలో ఉంది. పిల్లలు దిగేసరికి ఊక, నేల కూడా వెచ్చబడి ఉండాలి, గాలి ఒక్కటే వెచ్చగా ఉంటే చాలదు. బ్రూడర్ కింద మొదటి రోజుల్లో 32 నుంచి 34 డిగ్రీలు కావాలి. దిగిన మర్నాడు వంద కోడిపిల్లల మెడ కింద మేత సంచి నొక్కి చూడండి. తొంభై అయిదుకు మెత్తగా, నిండుగా ఉండాలి. గట్టిగా ఉంటే నీళ్లు అందలేదు, ఖాళీగా ఉంటే మేత, నీళ్లు రెండూ దొరకలేదు. నన్నడిగితే ఈ ఒక్క పరీక్ష మీ సూపర్‌వైజర్ సంచిలోని మందుకంటే ఎక్కువ పిల్లలను కాపాడుతుంది.

తర్వాత నీళ్లు. ట్యాంకు పైన తెల్లగా కడిగి ఉంటుంది, కోళ్లు నీళ్లు తాగే నిపుల్ లైన్ల లోపల మాత్రం జిగురు పేరుకుని ఉంటుంది. బ్యాచ్ అయిపోగానే ఆ లైన్లు క్లోరిన్‌తో కడగండి. ఊక తడవకుండా రోజూ తిరగేయండి. షెడ్డులోకి అడుగు పెట్టగానే కళ్లు మండితే అమ్మోనియా ఎక్కువైనట్టే. అది కోడి శ్వాసనాళాన్ని దెబ్బతీస్తుంది, ఆ తర్వాత సీఆర్‌డీ అనే దీర్ఘకాలిక శ్వాస జబ్బు, ఈ.కోలై బ్యాక్టీరియా జబ్బు వరుసగా వస్తాయి. లాసోటా, గంబోరో టీకాలు చల్లదనం చెడకుండా టైముకు వేయండి. బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య రెండు వారాలు షెడ్డు ఖాళీగా ఉంచమని కంపెనీని గట్టిగా అడగండి. ఖాళీగా ఉంచితే వాళ్లకు నష్టమని తొందరపెడతారు, తెలుసు. డెన్మార్క్‌లో బ్రాయిలర్ రైతులు 1998లోనే పెరుగుదల కోసం దాణాలో కలిపే యాంటీబయాటిక్‌లను మానేశారు. అక్కడ కోళ్ల పరిశ్రమ కూలిపోలేదు. మేత ఖర్చు కూడా పెద్దగా పెరగలేదు. 2006 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా అదే నిషేధం వచ్చింది.

ఇక ఆ మందు పేరేమిటో మీరు రాయలేదు. డబ్బా మీద 'కొలిస్టిన్' అని కనిపిస్తే వెంటనే ఆపండి. ఆహారం కోసం పెంచే జంతువులు, కోళ్లు, చేపలు, రొయ్యలు, వాటి దాణా, వేటిలోనూ దాన్ని అమ్మకూడదని, వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. ఐసీయూలో మిగతా మందులన్నీ ఓడిపోయిన రోగికి చివర్లో ఎక్కించే మందు అది. 2015లో చైనా శాస్త్రవేత్తలు పందుల్లో, మాంసంలో, రోగుల్లో ఎంసీఆర్-1 అనే జన్యువును కనిపెట్టారు. కొలిస్టిన్‌ను తట్టుకునే శక్తినిచ్చే ఆ జన్యువు ఒక జాతి క్రిమి నుంచి ఇంకో జాతి క్రిమికి నేరుగా చేరగలదు. అంటే కోడి పేగులోని ఈ.కోలై నేర్చుకున్నది మనిషికి జబ్బు చేసే క్రిమికి అందడానికి ఏళ్లు పట్టనక్కర్లేదు. షెడ్డులో మందు కలిపే చేయి మీది. అందుకే కంపెనీ మందైనా సరే, ఏ రోజు, ఏ మందు, ఎన్ని గ్రాములు, ఎందుకు అన్నది మీ సొంత నోట్‌బుక్‌లో రాసి, సూపర్‌వైజర్ సంతకం పెట్టించుకోండి. సంతకం అడిగిన రోజు నుంచే అనవసరమైన సంచులు రావడం తగ్గుతుంది.

ప్రశ్న: పట్టుబడికి ముందు చేయించిన పరీక్షలో మా చెరువు రొయ్యల్లో నైట్రోఫ్యూరాన్ ఉందన్నారు. కొనేవాడు వెనక్కి వెళ్లిపోయాడు. నేను యాంటీబయాటిక్ వేయలేదు. వైట్ గట్ (రొయ్య పేగు తెల్లబడే జబ్బు) వస్తే షాపతను 'గట్ పౌడర్' ఇచ్చాడు, మేతలో కలిపాను, అంతే.
— ఒక రొయ్యల రైతు, భీమవరం దగ్గర

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. ఏరేటర్ల కరెంటు, మేత, సీడు అన్నిటికీ అప్పు తెచ్చి, రొయ్య అమ్మే సైజుకు (కౌంట్) వచ్చాక సరుకు కదలకపోతే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో ఆ ప్రాంతంలో పనిచేసిన నాకు తెలుసు.

ఆ పౌడర్ డబ్బా, బిల్లు, మిగిలిన పొడి ఏదీ పారేయకండి. లోపల ఏముందో రాయని పొడుల్లో మందు కలిసి ఉండే అవకాశం ఎక్కువ. ఆ పొడిని కూడా ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. రొయ్యకు చేసిన ఎలైజా పరీక్షను ఇంకా సూక్ష్మమైన ఎల్‌సీ-ఎంఎస్ పరీక్షతో నిర్ధారించమని అడగండి. రెండోదీ అదే చెబితే ఇక వాదన లేదు. నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్లకు యూరప్ గీసుకున్న గీత కిలోకు 0.5 మైక్రోగ్రాములు. ఆ ఆనవాళ్లు కండకు అతుక్కుని చాలాకాలం ఉంటాయి, వండినా పోవు. పైగా ఇవి క్యాన్సర్ భయం ఉన్న మందులు. 2016 నుంచి యూరప్ మన రొయ్యల కంటైనర్లలో సగాన్ని ఆపి పరీక్షించడం మొదలుపెట్టింది. అంతకుముందు పదింట ఒకటే. 2025లో మన కేంద్ర ప్రభుత్వం కూడా ఆహార జంతువుల పెంపకంలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులన్నిటినీ నిషేధించింది.

అసలు మీ చెరువులో జబ్బేమిటో తేలిందా? తెల్లమచ్చ జబ్బైతే అది వైరస్. యాంటీబయాటిక్ దాన్ని తాకదు. ఈహెచ్‌పీ అయితే అది బూజు జాతి పరాన్నజీవి, దాన్నీ తాకదు. విబ్రియో ఒక్కటే బ్యాక్టీరియా. ఆ విబ్రియోకూ మందు అలవాటైతే, మీ చెరువు నీళ్లు డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి పక్క రైతు చెరువులోకి వెళ్లినప్పుడు అతనికి మీరు జబ్బుతోపాటు మందుకు లొంగని గుణాన్ని కూడా పంపినట్టవుతుంది. ఏ జబ్బో పీసీఆర్‌తో తేల్చుకోకుండా పొడి కొనొద్దు.

నార్వే సాల్మన్ చేపల రైతులు 1987లో ఏడాదికి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్ వాడేవాళ్లు. టీకాలు వచ్చాక పదేళ్లు తిరక్కముందే అది రెండు టన్నుల లోపుకు దిగింది, చేపల ఉత్పత్తి మాత్రం ఎన్నో రెట్లు పెరిగింది. అయితే చేపకు టీకా పట్టినట్టు రొయ్యకు పట్టదు, దాని రోగనిరోధక వ్యవస్థ వేరు. కాబట్టి మనకున్న దారి పరీక్షించిన సీడు, తక్కువ సాంద్రత, పంటకూ పంటకూ మధ్య అడుగు బురద తీసి ఎండబెట్టడం, మేత ట్రేలు చూసి వేయడం. ఎకరానికి సీడు కాస్త తగ్గిస్తే ఆదాయం తగ్గుతుందని మీరంటారు. ఈసారి పోయిన సరుకు విలువ పక్కన రాసుకుని మళ్లీ లెక్క వేయండి.

ప్రశ్న: అమ్మ చికెన్‌ను ఉప్పు, పసుపు వేసి కుళాయి కింద బాగా కడుగుతుంది. అలా కడిగితే మందుకు లొంగని క్రిములు పోతాయా?
— ఒక డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

జవాబు: పోవు తల్లీ, చుట్టూ చిమ్ముతాయి. కుళాయి ధార పడ్డప్పుడు సాల్మొనెల్లా, కాంపిలోబ్యాక్టర్ లాంటి క్రిములు తుంపరలతో సింకు మీదకు, పక్కనున్న గిన్నెల మీదకు చేరతాయి. కడగకుండా అమ్మకు మనసొప్పకపోతే వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి, అందులో నెమ్మదిగా కడిగి, ఆ నీళ్లు జాగ్రత్తగా పారబోసి, సింకును సబ్బుతో కడగమను. భరోసా ఇచ్చే విషయం ఒకటుంది. మందుకు లొంగని క్రిమి వేడికి మాత్రం మామూలు క్రిమి లాగే లొంగుతుంది. ముక్క మధ్యలో కూడా 75 డిగ్రీలు దాటేలా ఉడికితే చాలు. మన కూరలు ఎలాగూ బాగా ఉడుకుతాయి. ప్రమాదం కూరలో కన్నా పక్కన పెట్టే ఉల్లిపాయ, నిమ్మచెక్క, కొత్తిమీరలో ఎక్కువ. చికెన్ కోసిన కత్తితో, అదే చెక్క మీద వాటిని కోయొద్దు.

ప్రశ్న: వరికి ఎండాకు తెగులు వస్తే షాపులో స్ట్రెప్టోసైక్లిన్ పొట్లం ఇస్తున్నారు. అదీ యాంటీబయాటిక్కేనా? మానేస్తే ఏం కొట్టాలి?
— ఒక వరి రైతు, మిర్యాలగూడ

జవాబు: అదీ యాంటీబయాటిక్కే. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడి. స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగులకు దొరికిన మొదటి మందు, 1943లో కనుగొన్నారు. అలాంటి మందును ఎకరాల కొద్దీ పొలం మీద, నీళ్ల మీద చల్లడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఎండాకు తెగులు ఒకసారి పొలమంతా పాకాక పిచికారీతో గట్టి ఫలితం కనిపించడం కూడా అరుదు. కాబట్టి ఏం కొట్టాలనే ప్రశ్న దగ్గర కాకుండా విత్తనం దగ్గర మొదలుపెట్టండి. మన హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, వరి పరిశోధన డైరెక్టరేట్ శాస్త్రవేత్తలు కలిసి సాంబ మసూరిలోకి ఈ తెగులును తట్టుకునే మూడు జన్యువులను మామూలు సంకరణ పద్ధతిలో చేర్చారు. 'ఇంప్రూవ్డ్ సాంబ మసూరి' పేరుతో 2008లో విడుదలైంది. గింజ అదే సన్నం, వండితే అన్నం అదే. తెగులు తగిలిన మడి నుంచి పక్క మడికి నీళ్లు పారనివ్వకండి. ముఖ్యంగా యూరియా తగ్గించండి. పైరు నల్లగా, ఏపుగా ఉంటే చూడ్డానికి బాగుంటుంది, ఎండాకు తెగులుకూ అదే ఇష్టం.

ప్రశ్న: పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల నీళ్లలోనే యాంటీబయాటిక్‌లు ఉంటాయంటారు. రైతులను, కోళ్లను అంటే ఏం లాభం?
— ఒక ఉపాధ్యాయుడు, సంగారెడ్డి

జవాబు: మీ కోపం న్యాయమైనది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో, పటాన్‌చెరులో ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేశాక బయటకు వదిలే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ దొరికింది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. 2020 జనవరిలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదాలో ఫ్యాక్టరీ నీళ్లలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెట్టారు. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో అవి లేవు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయితే ఫ్యాక్టరీ వదులుతోంది కదా అని షెడ్డులో కొలిస్టిన్ కలిపితే, ఆ రెండూ కలిసి పడేది మన ఊరి ఆసుపత్రి మంచాల మీదే. రెండు చోట్లా అడగాలి. మీ బడిపిల్లలతో వాగు నీళ్ల గురించి కలెక్టరుకు అర్జీ రాయించండి. ముసాయిదాలోని ఆ పరిమితులు మళ్లీ పెట్టమని అందులో స్పష్టంగా అడగండి.

ప్రశ్న: సూపర్ మార్కెట్‌లో 'యాంటీబయాటిక్ ఫ్రీ' చికెన్ కిలోకు చాలా ఎక్కువ పెట్టి అమ్ముతున్నారు. నమ్మొచ్చా? ప్యాకెట్ ఫోటో పంపుతున్నాను.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఆ మాటకు రెండు అర్థాలు ఉండొచ్చు. మాంసంలో అవశేషం లేదని ఒకటి, కోడి బతికినన్నాళ్లూ మందే వేయలేదని ఇంకొకటి. మందు వేసి, గడువు రోజులు ఆగి కోసినా మొదటి మాట నిజమే అవుతుంది, కానీ లొంగని క్రిములు ఆ షెడ్డులో పుట్టడం ఆగదు. రెండో రకం పెంపకానికే ఎక్కువ డబ్బు ఇవ్వడం న్యాయం. అవశేషాల నిబంధనలు మామూలు చికెన్‌కూ ఉన్నాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాటిని ఇంకా కఠినం చేసింది కూడా. ఏ చికెన్ అయినా పచ్చిగా ఉన్నప్పుడు జాగ్రత్తలు ఒకటే, పైన కర్నూలు అమ్మాయికి చెప్పినవే. నాటుకోడి అని రాసినంత మాత్రాన మందు లేదని కూడా అనుకోవద్దు, ఇప్పుడు చాలా నాటుకోళ్లు షెడ్డుల్లోనే పెరుగుతున్నాయి.

మీరు పంపిన ఫోటోలో ఆ రెండు పదాలు పెద్దగా ఉన్నాయి, ఎవరు తనిఖీ చేశారో, ఏ ల్యాబ్ పరీక్షించిందో లేదు. ప్యాకెట్ వెనుక ఉన్న కస్టమర్ కేర్ చిరునామాకు మూడు ప్రశ్నలు రాయండి. పిల్ల దిగిన రోజు నుంచి కోసేదాకా మందు వేయలేదా, లేక గడువు మాత్రమే పాటించారా? జబ్బు చేసిన కోళ్లను ఏం చేస్తారు? మీ షెడ్డులను బయటివాళ్లు ఎవరు, ఏడాదికి ఎన్నిసార్లు తనిఖీ చేస్తారు? జవాబు వస్తే నాకూ పంపండి, కంపెనీ మాటల్లోనే ఈ శీర్షికలో వేస్తాను. రాకపోతే అదీ వేస్తాను.